ఒక్క బడి – నలువదియారు సంవత్సరములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి యుపన్యాస పాఠము)



ఒక సంస్థకు ఇరువదియైదు సంవత్సరములు నిండుట సామాన్యమైన సంగతి కాదు. ఆరంభించువారు పలువురు, నిలుచువారు కొందరు. ప్రారంభోత్సవమునాడు మామిడి తోరణములు గట్టుటకు ఏ యూరనైనను జనమునకు కొదువ యుండదు. పదియవ యేట సాయంకాలమున తలుపు తెరచి దీపము పెట్టువాడెవడు? ఇరువదవ యేట చినిగిన పుస్తకమునకు అట్ట వేయువాడెవడు? సంస్థ బ్రదుకు ఈ ప్రశ్నలపై నాధారపడి యున్నది. కావున ఈ శుభసమయమున, ఒక్కచోటనే నిలిచి ఒక్క పనినే నలువదియారు సంవత్సరములు చేసిన యొక యుపాధ్యాయుని చరిత్రము స్మరింపదగి యున్నది.

ఆయన మన దేశీయుడు కాడు, అమెరికా దేశీయుడు. మహాపండితుడును కాడు, హైస్కూలులో ప్రపంచ చరిత్ర బోధించుచు, సాయంకాలమున బాలురకు బాస్కెట్ బాల్ ఆట నేర్పినవాడు. పేరు మోర్గన్ వూటెన్. "బంతి యాట నేర్పువాని కథ గ్రంథాలయ సభలో నేల?" యని పెద్దలు సందేహింపవచ్చును. కథ ముగియు నప్పటికి ఆ సందేహమునకు సమాధానము దొరకును.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. ఈ యాట పుట్టినదియే బడిలో, పుట్టించినవాడును ఉపాధ్యాయుడే. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణాలయమున, జేమ్స్ నైస్మిత్ అను నాయన పని చేయుచుండెను. శీతకాలము, బయట మంచు. గది లోపల పదునెనమండుగురు యువకులు ఏమియు తోచక అల్లరి చేయుచుండిరి. ఆయన పండ్లు పోసికొను బుట్టలను రెండింటిని పది యడుగుల యెత్తున గోడ వసారాకు కొట్టించి, పదుమూడు నియమములు వ్రాసి, తొమ్మండుగురు చొప్పున రెండు పక్షములు చేసి యాడించెను. ఆ బుట్టలకు అడుగు ఉండెను గావున, బంతి పడిన ప్రతిసారియు నొకడు నిచ్చెన యెక్కి తీయవలసివచ్చెడిది! తరువాత బుట్ట పోయి ఇనుప వలయమును, వలయును వచ్చినవి, పక్షమునకు అయిదుగురైరి, పది యడుగుల యెత్తు మాత్రము మారలేదు. మన దక్షిణదేశమున ఈ యాట వ్యాపించుటకు 1920లో హారీ క్రో బక్ అను నాయన మదరాసులో స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల చాల తోడ్పడినది. అచట శిక్షణ పొంది వచ్చిన డ్రిల్లు మాష్టర్ల మూలమున తెలుగు జిల్లాల పాఠశాలలకును ఇట్టి యాటలు చేరినవి.

ఇక కథానాయకుని సంగతి. మోర్గన్ వూటెన్ 1931 ఏప్రిల్ 21వ తేదీన ఉత్తర కెరొలైనా రాష్ట్రమందలి డర్హామ్ నగరమున జన్మించెను; పెరిగినది మేరీలాండు రాష్ట్రమున, రాజధాని యగు వాషింగ్టన్ చెంత. న్యాయవాది కావలెనని యాయన తలంపు. కాని విధి వేరొక త్రోవ చూపెను. 1951లో, ఇరువదేండ్ల ప్రాయమున, వాషింగ్టన్‌లో క్రైస్తవ సన్యాసినులు నడుపుచుండిన యొక అనాథ బాలుర ఆశ్రమమున పిల్లలకు ఆటలు నేర్పు పని యాయనకు తటస్థించెను. మొదట నేర్పినది బేస్‌బాల్ ఆట. ఆ యేడు ఆ జట్టు పదునారు పందెములాడెను, పదునారును ఓడిపోయెను.

ఇచ్చట నొక్క నిమిషము నిలువవలెను. పిమ్మట అమెరికా దేశమంతటను గెలుపునకు మారుపేరైన మనుష్యుని ఖాతాలో మొదటి పుట యిది. జమ శూన్యము, ఖర్చు పదునారు. ఆ పిల్లలకు తల్లిదండ్రులు లేరు. ఆట చూచి చప్పట్లు కొట్టు బంధువులు లేరు. వారికి కావలసినది కప్పు గాదు. మరునాడు సాయంకాలమున గూడ తమ కొఱకు వచ్చు నొక పెద్ద మనుష్యుడు. ఆయన వచ్చెను. ఓడిన మరునాడును వచ్చెను. ఆ రాకపోకలలోనే న్యాయవాది కాదలచిన యువకుడు ఉపాధ్యాయుడుగా మారిపోయెను. తరువాత నాయన తన చరిత్రమును గ్రంథముగా వెలువరించినపుడు, అనాథల నుండి విజేతల దనుక అను నర్థము వచ్చునట్లు దానికి పేరుంచుటలో, తన విద్య ఎచట మొదలైనదో చెప్పకయే చెప్పినట్లైనది.

ఆ పిమ్మట వాషింగ్టన్‌లో సెయింట్ జాన్స్ అను పాఠశాలయందు చిన్న తరగతుల జట్టునకు శిక్షకుడై, జో గాలఘర్ అను పెద్ద శిక్షకుని క్రింద కొన్ని సంవత్సరములు పని నేర్చుకొనెను. 1956లో, ఇరువదియైదవ యేట, మేరీలాండులో హయట్స్‌విల్ అను పట్టణమునందలి డిమాథా పాఠశాలకు వచ్చెను. ఆ పాఠశాల పుట్టి యప్పటికి పది సంవత్సరములే. 1946లో ట్రినిటేరియన్ అను క్రైస్తవ సన్యాసి సంఘమువారు స్థాపించినది. చెఱలో నున్న బందీలకు ధనమిచ్చి విడిపించుటకై పూర్వకాలమున సంఘమును నెలకొల్పిన జాన్ డి మాథా అను మహనీయుని పేర వెలసిన బడి యది. ఆ బడిలో వూటెన్ చరిత్ర బోధించెను. ఫుట్‌బాల్ జట్టును గూడ పెక్కేండ్లు నడపెను. బాస్కెట్ బాల్ జట్టును మాత్రము 2002 వఱకు విడువలేదు.

ఆయన పద్ధతి యెట్టిదో చెప్పవలెను. ఏలయన గెలుపు ఫలము, పద్ధతి వృక్షము. సాధన మొదలిడుటకు ముందే, ఏ నిమిషమున ఏ పనియో కాగితముపై వ్రాసికొనెడివాడు. ఇన్ని నిమిషములు బంతి యందించుట, ఇన్ని నిమిషములు కాలి నడక, ఇన్ని నిమిషములు ఎదిరిని నిలువరించుట. కాలము ముగిసెనా, పని సగములో నున్నను తరువాతి పనికి పోవలసినదే. గ్రామ లెక్కలు ఏ నాటి కా నాడు వ్రాయక సంవత్సరాంతమున ఒక్కసారి వ్రాయబూనినవాని గతి యందఱెఱిగినదే గదా! విద్యయును అట్టిదే. ఏనాటి పాఠ మానాడు.

రెండవది, ఆయన బంతి వేయుట కంటె ఎదిరిని ఆపుటకు ఎక్కువ ప్రాధాన్య మిచ్చెడివాడు. బంతితో దూసికొనివచ్చు నెదిరి దారిలో ముందుగానే చేరి, రెండు పాదములు నిలద్రొక్కుకొని, కదలక నిలుచు నేర్పు ఒకటి కలదు. అట్లు నిలిచినవానిని ఢీకొన్నచో తప్పు ఢీకొన్నవానిదే యగును. ఈ నేర్పును ఒక శాస్త్రముగా దిద్ది ప్రచారము చేసినవారిలో వూటెన్ ముఖ్యుడని చెప్పుదురు. ఇందు నీతియు లేకపోలేదు. దెబ్బ తగులునని తెలిసియు, తన జట్టు కొఱకు నేలపై బడుటకు సిద్ధపడినవాడు నిలుచు స్థానమది. బంతి బుట్టలో వేసినవాని పేరు పత్రికలో పడును; నేలబడినవాని పేరు పడదు. పేరు పడని పనిని బాలునిచే ఇష్టముతో చేయించుటయే శిక్షణ.

మూడవది యన్నింటికంటె ముఖ్యమైనది. ఆయన బాలురకు జీవితమున నొక వరుస చెప్పెడివాడు: మొదట దైవము, పిమ్మట కుటుంబము, మూడవది చదువు, బాస్కెట్ బాల్ నాల్గవది మాత్రమే, అంతకు మించి పైకి రాగూడదు. ఆట నేర్పి పేరు గడించినవాడు ఆటను నాల్గవ స్థానమున నుంచుట వింతగా దోచును. కాని ఈ వరుసలోనే యాయన రహస్యమున్నది.

మన భారతమున ద్రోణాచార్యుని కథ యెల్లరు నెఱుగుదురు. అస్త్రవిద్యలో అంతటి గురువు లేడు. చెట్టుపై పక్షి తల దక్క మఱేమియు కనబడని యేకాగ్రతను అర్జునునియందు తీర్చిదిద్దినవా డాయన. అయినను ఆ మహాగురుని చరిత్రలో రెండు మచ్చలు మిగిలిపోయినవి. ద్రుపదుని మీది తన పగను తీర్చుకొనుటకు శిష్యులను సాధనముగా చేసికొనెను. అర్జునుని మొదటి స్థానము చెడకుండుటకు ఏకలవ్యుని బొటనవ్రేలు గైకొనెను. శిష్యుని కొఱకు గురువా, గురువు కొఱకు శిష్యుడా? ఈ ప్రశ్న ప్రతి బడిలోను, ప్రతి యాటస్థలములోను నేటికిని లేచుచునే యున్నది. బాలుని గెలుపుచే తాను పెద్దవాడు కాదలచు శిక్షకుడు ఎప్పుడో ఒకప్పుడు బాలుని వ్రేలు అడుగక మానడు. చదువు మానుమనును, నొప్పి దాచుకొమ్మనును. ఆటను నాల్గవ స్థానమున నుంచినవాడు అట్లు అడుగుటకు తావే లేకుండ చేసికొన్నాడు.

ఇది మాటలతో పోలేదనుటకు లెక్క కలదు. దాదాపు ముప్పది సంవత్సరములు, ఆయన జట్టున పై తరగతి ముగించిన ప్రతి బాలునికిని – ఆడినవానికే గాక బల్లపై కూర్చుండి యెదురుచూచినవానికిని – ఏదో యొక కళాశాల విద్యార్థి వేతన మిచ్చుటకు ముందుకు వచ్చినది. అమెరికాలో కళాశాల చదువు ఖర్చుతో గూడినది. పేదయింటి బాలునికి ఆ వేతనమే నిచ్చెన. బల్లపై కూర్చున్న బాలుని కొఱకు కళాశాలలకు చెప్పి యొప్పించుట కప్పు తెచ్చుటకంటె కష్టమైన పని. ఆ పనికి చప్పట్లు లేవు.

ఇప్పుడు, ఆయన పేరును దేశమంతట మార్మ్రోగించిన పందెమును గూర్చి చెప్పవలసియున్నది. న్యూయార్కు నగరమున పవర్ మెమోరియల్ అను పాఠశాల యుండెను. అందు లూ అల్సిండర్ అను బాలుడు. ఏడడుగులకు మించిన పొడగరి. అతడే పిమ్మట కరీం అబ్దుల్ జబ్బార్ అను పేర లోకప్రసిద్ధుడైన క్రీడాకారుడు. 1964లో డిమాథా వారు ఆ పాఠశాలతో తలపడి 62కు 65 లెక్కతో, మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయిరి. మరుసటి యేడు, 1965 జనవరి 30వ తేదీన, మేరీలాండు విశ్వవిద్యాలయము వారి క్రీడాభవనమున మరల పందెము. పవర్ మెమోరియల్ వారు అప్పటికి వరుసగా 71 పందెములు గెలిచి యుండిరి. చూచుటకు వచ్చినవారు పండ్రెండు వేలకు మించిరి. హైస్కూలు బాలుర యాటకు అంత జనము!

ఎదిరి చేయెత్తినచో బంతి వానిని దాటి పోదు. ఏమి చేయవలెను? వూటెన్ ఒక యుపాయము పన్నెను. సాధన వేళ తన జట్టులోని పొడవైన బాలునికి టెన్నిస్ బ్యాటు ఇచ్చి, దానిని పైకెత్తి పట్టుకొని అడ్డు నిలువుమనెను. తక్కినవారు ఆ బ్యాటు మీదుగా బంతి వేయుట అభ్యసించిరి. దినదినమును ఆ బ్యాటును దాటించినవారికి పందెమునాడు అల్సిండర్ చేయి క్రొత్తగా కనబడలేదు. ఆ దినము అల్సిండర్‌కు దక్కినవి 16 పాయింట్లు మాత్రమే. డిమాథా 46, పవర్ మెమోరియల్ 43. డెబ్బదియొక్క గెలుపుల వరుస తెగిపోయెను. నిరుడు మూడింటితో ఓడినవారు ఈ యేడు మూడింటితోనే గెలిచిరి.

ఈ విజయమున భాగ్యము పాలు తక్కువ. అసాధ్యమని పేరుబడినదానిని ముక్కలుగా విడదీసి, అందులో నిజముగా కష్టమైన ముక్క యేదో కనుగొని, దానికి తగిన పనిముట్టు ఇంటిలోనే వెదకికొనుట ఇందు కనబడుచున్నది. పెద్ద లెక్క చూచి బెదరిపోవు విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠము లేదు. ఇంకొక విశేషము. నల్లవారు, తెల్లవారు అను భేదము ఆ ప్రాంతముల బడులయందు ఇంకను సమసిపోని కాలమున, డిమాథా జట్టున ఉభయ వర్ణముల బాలురును ఒక్క చొక్కా తొడిగి ఒక్క పని చేసిరి. ఆ బాలురు ఒకరి చేతినుండి ఒకరు బంతి యందుకొన్న దృశ్యమును పండ్రెండువేల మంది కన్నులార చూచిరి.

న్యాయముగా మాటలాడునపుడు రెండవ పక్షమును గూడ చెప్పవలెను. ఆయన పేరు పెరిగిన కొలది, వాషింగ్టన్ చుట్టుప్రక్కల ఆట తెలిసిన బాలు రందఱును డిమాథాకే రాదొడగిరి. అది సర్కారు బడి గాదు. ఒక్క పేటకే పరిమితము గాదు. మంచి విత్తనము దొరకిన రైతునకు పంట పండుట సులభమనువారు లేకపోలేదు. అందు నిజము కొంత యున్నది. కాని మంచి విత్తనము చెడగొట్టిన రైతులును లోకమున తక్కువవారు కారు. ఆయన శిష్యులలో అడ్రియన్ డాంట్లీ వంటి వారు వృత్తి క్రీడలలో అగ్రశ్రేణి నందిరి. జేమ్స్ బ్రౌన్ అను నాతడు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివి, దూరదర్శనమున క్రీడావ్యాఖ్యాతగా పేరు గాంచెను. పేరు రాని వందలాది శిష్యులు ఎవరి బ్రదుకులు వారు గౌరవముగా బ్రదికిరి. వీరే యసలు పంట.

ఇక ఆయన ముందు నిలిచిన గొప్ప పరీక్ష. అది యోటమి కాదు, ప్రలోభము. అమెరికాలో కళాశాల శిక్షకునికి దొరకు జీతము, కీర్తి, పాఠశాల శిక్షకునికి దొరకవు. మన వైపు గ్రామ పాఠశాలకును నగరమందలి పెద్ద యుద్యోగమునకును ఉన్నంత భేదము. పెద్ద విద్యాలయములు ఆయనను పిలిచినవి. 1980లో పుట్టిన రాష్ట్రమునందలి నార్త్ కెరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయము పిలిచినను ఆయన వెళ్లలేదు. ఆయన ఋషి యని చెప్పుటకు కాదు ఈ మాట. తాను చదివిన మేరీలాండు విశ్వవిద్యాలయము పని దొరకియుండినచో ఆయనకు ఇష్టమే. ఆ కోరికను ఆయన దాచుకొనలేదు. ఆ పని రెండు మారులు ఖాళీ పడినను ఇతరులకు పోయినది. కోరిన పని రాలేదని యున్న పనియందు మనసు తగ్గించుకొనకుండుటయే యాయన గొప్పతనము. మనలో నెందఱమో కోరిన యుద్యోగము రాలేదను దుఃఖముతో, వచ్చిన యుద్యోగమును చెడగొట్టుకొనుచున్నాము. ఆయన మరునాటి సాయంకాలమున మరల బడికి వచ్చెను; అనాథాశ్రమమున పదునారవ యోటమి మరునాడు వచ్చినట్లే.

1996లో కఠిన పరీక్ష యింకొకటి వచ్చెను. కాలేయము చెడి, ప్రాణము మీదికి వచ్చినది. మరియొకరి కాలేయమును శస్త్రచికిత్సచే అమర్చి వైద్యులు ఆయనను బ్రదికించిరి. అరువదియైదేండ్ల మనుష్యుడు, భార్య, అయిదుగురు సంతానము, గడించిన పేరు చాలును. విశ్రాంతి గైకొన్నచో ఎవరును తప్పు పట్టరు. అయినను కోలుకొనిన పిమ్మట మరల బాలుర నడుమకు వచ్చి 2002 వఱకు పని చేసెను. తప్పుకొనినపుడు ఆ స్థానమున కూర్చున్నవాడు ఆయన శిష్యుడు మైక్ జోన్స్. ఆయన కుమారులలో జో అను నాతడు గూడ వర్జీనియాలో పాఠశాల శిక్షకుడైనాడు. చేతి దీపము ఇంకొక చేతికి అందినది.

2000 సంవత్సరమున, ఆట పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున, నైస్మిత్ పేర వెలసిన కీర్తిమందిరమున ఆయనకు స్థానము లభించెను. అందు పాఠశాల శిక్షకులు వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే. 2020 జనవరి 21వ తేదీన, ఎనుబదియెనిమిదవ యేట, తాను పని చేసిన హయట్స్‌విల్‌లోనే స్వగృహమున తనువు చాలించెను.

లెక్క ముగింపవలెను. నలువదియారు సంవత్సరములలో డిమాథా జట్టు ఆడిన పందెములు 1466. గెలిచినవి 1274, ఓడినవి 192. నూటికి దాదాపు 87 గెలుపులు. దేశములో మొదటి జట్టని అయిదు పర్యాయములు గుర్తింపు నందినది. ఒక్క యేడైనను గెలుపులకంటె ఓటములు ఎక్కువైన సంవత్సరము లేదు. ఇది బయటి చిట్టా. అనాథాశ్రమమున ఓడిన పదునారు ఆటలు ఈ చిట్టాలో చేరవు. కాని వానిని తీసివేసి ఈ జమ నిలువదు. పునాదిలో నున్న రాయి గోడ కొలతలో రాదు. అది లేనిచో గోడయే లేదు.

"ఆటలాడు పిల్లవాడు చెడిపోవు" నను మాట మన యిండ్లలో వినబడుచునే యున్నది. ఆట చెడగొట్టదు; వరుస తప్పిన యాట చెడగొట్టును. చదువును అంతే, పిల్లవాని మార్కులే తమ పరువని భావించు తల్లిదండ్రుల చేతిలో చదువే బొటనవ్రేలిని కోయు కత్తి కావచ్చును. ఏది మొదటిదో, ఏది నాల్గవదో తెలిపి, ప్రతిదినమును ప్రక్కన నిలుచు పెద్ద యొకడు ఉన్నయెడల బాలునికి ఆటయు విద్యయే యగును.

"బంతి యాట నేర్పువాని కథ గ్రంథాలయ సభలో నేల?" యను ప్రశ్నకు సమాధాన మిదియే. ఈ గ్రంథాలయమునందు ఎన్ని పుస్తకములున్నవో రిజిస్టరు చెప్పును. ఎందఱు చదివిరో చందా పుస్తకము చెప్పును. కాని వర్షము కురియు సాయంకాలమున, ఒక్క పాఠకుడైనను వచ్చునేమో యని తాళము తీసి కూర్చున్న దినములు ఏ రిజిస్టరునందును లేవు. ఈ యిరువదియైదేండ్లును నిలిచినవి ఆ దినముల మీదనే. హయట్స్‌విల్‌లో నొక ఉపాధ్యాయుడు నలువదియారేండ్లు చేసినదియు అంతే: తాళము తీసి, బాలుడు వచ్చుటకు ముందే తాను వచ్చి యుండెను.

రానున్న యిరువదియైదేండ్లకు తాళపుచెవి ఎవరి చేతనుండునో ఈ సభలోని యువకులు ఆలోచింతురు గాక!

స్వస్తి.